కాయ చూసి చెట్టు, చెట్టు చూసి పొయ్యి

తుఫాను వెళ్ళిన మర్నాడు గోదావరి డెల్టా ఊళ్ళకు ఒకటే పని ఉండేది. ఏ గట్టు మీద ఏ చెట్టు పడింది, అది ఎవరిది, అందులో దూలానికి వచ్చేదెంత, పొయ్యిలోకి పోయేదెంత. 1996 నవంబరు 6 రాత్రి గాలికి కోనసీమలో కొబ్బరితోటలు వరసలకు వరసలు ఒరిగిపోయాక ఆ పని నెలల తరబడి సాగింది. తుమ్మ, చింత, మామిడి, వేప పడితే ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు, గొడ్డళ్ళు పట్టుకుని వెళ్ళిపోయేవారు. కొబ్బరి మానుని పొయ్యి లెక్కలోకి పెద్దగా వేసుకునేవారే కాదు, ఎందుకంటే దాని పై పొర గట్టిగా ఉన్నా లోపలంతా నీరు పట్టిన మెత్తటి పీచు. ఆగి అడగాల్సి వచ్చేది ఒక్క రకం చెట్టు దగ్గరే. గుడి వెనకో, లాకుల దగ్గర బంగళా ఆవరణలోనో, రేవు పక్కనో తాతల నాటి నుంచీ నిలబడి గట్టి పెంకు కాయలు రాల్చే చెట్టు. దాని నీడన అందరూ కూర్చునేవారు, పిల్లలు గోళీలాటకి దాని కాయలు ఏరుకునేవారు, పేరు మాత్రం చాలామందికి తెలిసేది కాదు. అది పడినప్పుడే పేరు కావాల్సి వచ్చేది.

ఆ పేరు చెప్పగలిగేవాళ్ళు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉండేవారు. కట్టెల అడితిలో కాటా దగ్గర కూర్చునే పెద్దాయన, చెట్లు కొట్టే కూలీల్లో అందరికన్నా వయసు మళ్ళినవాడు, ఏజెన్సీ నుంచి వెదురు తెప్పల మీద రాజమండ్రి దాకా దిగి వచ్చినవాడు. వాళ్ళు చెట్టుని చూసే తీరులో ఒక వరస ఉండేది. ముందు కాయ, తర్వాత ఆకు, తర్వాత బెరడు కింద కారే పాలు, చివర కట్టె. 1999లో దీపం పథకం వచ్చి ఇళ్ళలోకి గ్యాసు బండలు చేరాక అడితీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ చూపు కూడా వాటితోపాటే పోతోంది. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు రాసి పెడుతున్నాను.

కాయ దగ్గర మొదటి జాగ్రత్త ఏమిటంటే, చెట్టు కింద దొరికిందల్లా ఆ చెట్టుది కాదు. మన నేలలో నీళ్ళు కాయల్ని మోస్తాయి. పొన్నకాయ నీటి మీద తేలుతుంది, సముద్రం దాటి కూడా మొలుస్తుంది. గోదావరి వరదలో ఎగువ అడవుల కాయలు కొట్టుకొచ్చి లంకల్లో, గట్ల వాలులో ఆగుతాయి. 1986 ఆగస్టు వరద లాంటిది వస్తే పాపికొండల చెట్ల కాయలు, దుంగలు అంతర్వేది దాకా చేరతాయి. అందుకని రాలిన కాయతోపాటు కొమ్మకి తొడిమతో వేలాడుతున్న కాయ ఒక్కటైనా చూడాలి. రెండూ ఒకటైతేనే ముందుకి వెళ్ళాలి.

తర్వాత మూడు వయసుల కాయలు ఏరాలి. పచ్చిది, పండినది, పోయిన ఏడాది రాలి ఎండినది. పచ్చి పొన్నకాయ నున్నటి ఆకుపచ్చ గుండు. పండితే పసుపు తిరుగుతుంది. ఎండితే తోలు ముడతలుపడి గోధుమరంగులోకి మారి, చివరికి ఊడిపోయి గట్టి పెంకు బయటపడుతుంది. ఒక్క దశే చూసినవాళ్ళు అవి మూడు చెట్ల కాయలని వాదిస్తారు.

కాయని పగలగొట్టేటప్పుడు పాత గుడ్డలో చుట్టి రాతి మీద పెట్టి కొట్టాలి. చేతికి రసం అంటకుండా ఉండటానికి ఒకటి, పెంకు ముక్కలు కంట్లో పడకుండా ఇంకొకటి. లోపల గింజ ఒకటా, ఎక్కువా? పెంకు రాయిలా ఉందా, పీచులా ఉందా? పెంకుకీ పప్పుకీ మధ్య బెండులాంటి పొర ఏమైనా ఉందా? పప్పుని కాగితం మీద నొక్కి రాస్తే మరక ఎండిపోతే నీరు, ఉండిపోతే నూనె. ఇంతవరకే. నోట్లో పెట్టుకుని చూడటం అనే పరీక్ష వద్దే వద్దు. ముష్టి గింజ గుండ్రంగా, బిళ్ళలా, నున్నగా మెరుస్తూ ఎంత ముద్దుగా ఉంటుందో అంత విషం. రుచి చూసి చెట్టు పేరు చెప్పినవాణ్ణి తెలివైనవాడని ఆ పెద్దలు ఎప్పుడూ అనలేదు.

డెల్టాలో పెంకు కాయ చెట్టు అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది బాదం. బడి ఆవరణలో గొడుగులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అంతస్తులుగా కొమ్మలు చాపి, రాలే ముందు ఆకుల్ని ఎర్రగా పండించే చెట్టు. దాని కాయ రెండు పక్కలా నొక్కినట్టు బల్లపరుపుగా, అంచున గీతలాంటి గట్టుతో ఉంటుంది. దాన్ని ఎవరూ పొరబడరు. పొరబడేది గుర్రపు బాదం దగ్గర. పేరులో బాదం ఉంది కాబట్టి రెండూ అన్నదమ్ములనుకుంటారు, ఏ సంబంధమూ లేదు. గుర్రపు బాదం ఆకు ఒక్క కాడ చివర చేతివేళ్ళు చాపినట్టు ఐదు నుంచి తొమ్మిది రెక్కలుగా విచ్చుకుంటుంది. కాయ ముదిరితే ఎర్రటి చెక్క సంచిలా ఒక పక్కన నోరు తెరుస్తుంది, లోపల అంచుల వెంట పదీ పదిహేను నల్లటి గింజలు వరసగా అంటుకుని ఉంటాయి. పూసినప్పుడు చెట్టు కింద నిలబడలేరు, అంత దుర్వాసన. ఆ వాసన ఒకసారి తెలిస్తే కాయ కోసం ఆగక్కర్లేదు.

తాండ్ర, కరక్కాయ మన చేల గట్ల మీద అరుదు. రంపచోడవరం, మారేడుమిల్లి అడవుల చెట్లు అవి. అయినా వరద దుంగల్లో ఉంటాయి, అక్కడక్కడ తోటల్లోనూ పెంచారు. తాండ్రకాయ చిన్న గుడ్డు ఆకారంలో, పైన బూడిదరంగు నూగుతో ముఖమల్ ముట్టుకున్నట్టుంటుంది. కరక్కాయకి నూగు ఉండదు, ఎండితే ఐదు గట్లు స్పష్టంగా తేలతాయి. రెండూ త్రిఫల చూర్ణంలోకి వెళ్ళేవే కాబట్టి పచారీ కొట్లో అడిగి పక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు. తాండ్ర ఆకులు కొమ్మ చివర గుంపుగా చేరతాయి, ఒక్కో ఆకుకి కాడ పొడుగు. ఇక కానుగ, కుంకుడు గురించి చెప్పేదేమీ లేదు. ఒకటి కాలవ గట్టు మీదా, ఇంకోటి తలంటు రోజునా అందరూ చూసినవే.

ఇక్కడ ఒక చెట్టు గురించి మాత్రం తొందరపడకుండా చెప్పాలి. నల్లజీడి. చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన గింజ ఇదే. కాయ నల్లగా, మెరుస్తూ, కాస్త హృదయం ఆకారంలో ఉంటుంది. అది నారింజరంగు మెత్తటి గిన్నె మీద కూర్చుని ఉంటుంది. జీడిమామిడిలో కూడా పిక్క పండు బయటే వేలాడుతుంది కదా, అందువల్ల ఇదేదో చిన్న జాతి జీడిమామిడి అనుకునే ప్రమాదం ఉంది. జీడిమామిడి పిక్క బూడిదరంగు, మూత్రపిండం ఆకారం, పండు పెద్దది. నల్లజీడి ఆకు చాలా పెద్దది, మూరెడు దాకా కూడా పెరుగుతుంది, కొస గుండ్రంగా ఉంటుంది. దాని రసం గాలి తగిలితే నల్లబడుతుంది, చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి. ఆ కట్టె పొయ్యిలో పెడితే పొగకే ముఖం వాచిపోతుంది. అడవిలో దాన్ని కొట్టాల్సి వస్తే ముందే మాను చుట్టూ బెరడు వలిచి, నిలువునా ఎండనిచ్చి, ఆ తర్వాతే గొడ్డలి వేసేవారు. వరదలో వచ్చిన దుంగకి ఆకూ ఉండదు, కాయా ఉండదు. అందుకే పేరు తెలియని దుంగని ఎప్పుడూ వంటింటి పొయ్యిలో మొదట పెట్టేవారు కాదు. ఆరుబయట, పొగ తమ మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడి, అరచేతి పొడుగు ముక్క ఒకటి కాల్చి చూసేవారు. దానికన్నా ముందు కొడవలితో బెరడు గీసి కాసేపు వేచి ఉండేవారు. గీసినచోట నల్లటి మరక తేలుతుంటే ఆ దుంగని అక్కడే వదిలేసేవారు.

జీడిమామిడి కట్టె గురించి కూడా ఇదే చోట చెప్పుకోవాలి. తీరం వెంట ఇసక నేలల్లో ఆ చెట్లు ఉన్నాయి, మోరి వైపు జీడిపప్పు ఒలిచే పని పేరుమోసింది. కట్టె ఎండాక మండుతుంది కానీ తేలిక. పిక్క పెంకులు మాత్రం వంట పొయ్యిలోకి రాకూడదు. ఆ పెంకులో ఉన్న నూనె చర్మాన్ని కాల్చేదే. మంట చూస్తే భలేగా లేస్తుంది, ఆ మంట చూసి ఆశపడి గంపెడు పెంకులు పొయ్యి పక్కన పోసుకుంటే పొగ కళ్ళనీ గొంతునీ పట్టేస్తుంది.

ఇవన్నీ పక్కకి తీశాక, డెల్టాలో పేరు తెలియని పెంకు కాయ చెట్టు అన్నది ఎక్కువసార్లు పొన్నే అయి ఉంటుంది. గుళ్ళల్లో, సముద్రానికి దగ్గర ఊళ్ళల్లో, ఉప్పుగాలి తగిలేచోట అది హాయిగా పెరుగుతుంది. దాన్ని పట్టించేది ఆకు. మందంగా, తోలులా, నున్నగా మెరుస్తుంది. ఎదురెదురుగా జంటలుగా పుడుతుంది. వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. నడిమి ఈనె నుంచి అంచు దాకా సన్నటి ఈనెలు దువ్వెన పళ్ళలా ఒకదానికొకటి సమాంతరంగా, దాదాపు అడ్డంగా, చాలా దగ్గర దగ్గరగా పోతాయి. మన చుట్టూ ఉన్న ఏ మామిడికీ, ఏ బాదానికీ, ఏ మర్రికీ అలాంటి ఈనెలు లేవు. ఇంక కాయ లేకపోయినా ఫరవాలేదు. ఆకు తుంపితే తెల్లటి పాలు వస్తాయి. బెరడు గీస్తే జిగురుగా పసుపు కలిసిన పాలు కారతాయి. పువ్వు తెల్లటిది, నడుమ పసుపు కేసరాల కుచ్చు, మంచి వాసన. ఉప్పుపొన్న అని మడ అడవిలో ఇంకో చెట్టు ఉంది, కోరంగి వైపు వాళ్ళకి అది తెలుసు. నీళ్ళలోకి ఊడల్లాంటి వేళ్ళు దింపుకునే ఆ చెట్టుకీ దీనికీ పేరు తప్ప పోలిక లేదు. పైగా ఆ మడలు 1978 నుంచి అభయారణ్యం. అందులో కొమ్మ కూడా ముట్టుకోకూడదు. అదే మడలో తిల్ల అనే చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

పొన్న అని తేలాక కూడా అడితి పెద్దాయన వెంటనే ధర చెప్పేవాడు కాదు. ముందు మానుని ఒకసారి నిలువునా చూసేవాడు. పొన్న కర్ర ఎరుపు తిరిగిన గోధుమరంగు, నీటికి ఓర్చుకునే రకం. వంకర కొమ్మలు పడవ పక్కటెముకలకి సరిగ్గా కుదురుతాయి. తాళ్ళరేవు ప్రాంతంలో పడవలు కట్టే వడ్రంగులు ఉన్నారని తెలిసి కూడా అలాంటి కొమ్మని పేళ్ళు చేస్తే అది తప్పని నేనూ అనుకుంటాను. చేవ ఉన్న వంకరలన్నీ పక్కన పెట్టి, పుచ్చు పట్టినవి, చేవలేనివి, మణికట్టు లావు కొమ్మలు మాత్రమే పొయ్యికి పోవాలి. కాలవ గట్టు మీది చెట్టయితే అది ప్రభుత్వానిది. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తర్వాత సొంత దొడ్లో చెట్టు కొట్టడానికి కూడా అనుమతి అడగాలి.

పడిన చెట్టు దగ్గర గొడ్డలి వేసే ముందు వేరుమొద్దు వైపు చూడాలి. గాలికి ఒరిగిన చెట్టు వేళ్ళతోపాటు మట్టి పలకని లేపుకుని పడుతుంది. మాను కోసిన క్షణంలో బరువు పోయి ఆ పలక వెనక్కి తిరిగి గోతిలో కూర్చుంటుంది. ఆ గోతిలో ఎవరూ ఉండకూడదు, మరీ ముఖ్యంగా పిల్లలు. మొద్దు వైపు నిలువెత్తు మాను వదిలేసి కోస్తే ఆ తిరుగుడు నెమ్మదిగా ఉంటుంది. కింద ఆనిక లేని మానుని పై నుంచి కోస్తే మధ్యలో రంపం పట్టేస్తుంది. పొన్న పాలు ఆరితే జిగురై రంపం పళ్ళు పూడుకుంటాయి. పక్కన కిరసనాయిలు గుడ్డ పెట్టుకుని మధ్యమధ్యలో తుడవాలి.

పొన్నని చీల్చడమే అసలు పని. దాని నార నిలువుగా సాగదు, ఒక పొర ఇటు, ఒక పొర అటు మెలిపడి ఉంటుంది. సరుగుడు అయితే ఒక్క దెబ్బకి తెగిపోతుంది, పొన్నలో గొడ్డలి దిగి అలాగే ఉండిపోతుంది. అప్పుడు గొడ్డలి కామని, అంటే పిడిని, పైకి లాగితే విరుగుతుంది. పక్కలకి ఊపి వదులు చేసి తీయాలి. మానుని చీల్చబోయే ముందే మూరెడు బిళ్ళలుగా రంపంతో కోసుకోవాలి. బిళ్ళ నడిమిన కొట్టకూడదు. అంచు నుంచి రెండంగుళాలు లోపలికి కొట్టి పలకలుగా చుట్టూ తీసుకుంటూ వస్తే చివరికి నాలుగు పలకల నడిమి దిమ్మ మిగులుతుంది, దానికి ఇనప చీలలు రెండు ఒకే గీత మీద దించి సమ్మెటతో కొట్టాలి. పంగలున్న ముక్కల జోలికి పోకుండా అలాగే ఉంచితే గాడిపొయ్యికి పనికొస్తాయి. ఇవన్నీ పచ్చిగా ఉన్నప్పుడే అయిపోవాలి. ఎండాక చీలుద్దాం అని వదిలేసిన పొన్న బిళ్ళలు గొడ్డలి అంచుని వంచేసేంత గట్టిపడతాయి, చీల్చని బిళ్ళ లోపల తడి ఏడాది గడిచినా పోదు.

కట్టె విలువ లెక్కకి వస్తే, చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పూర్తిగా ఎండాక ఏ కట్టె అయినా కిలోకి ఇచ్చే వేడి దాదాపు ఒకటే. సరుగుడు 4,950 కిలోకేలరీలు, తుమ్మ 4,800 పైన, కానుగ 4,600. తేడా అంతే. అసలు తేడా రెండు చోట్ల ఉంది. ఒక బిళ్ళలో ఎన్ని కిలోల కట్టె ఉంది, అందులో ఎంత నీరుంది.

మొదటిదానికి ఇంట్లోనే పరీక్ష చెయ్యొచ్చు. బాగా ఎండిన కట్టె ముక్కని నలుచదరంగా, అన్ని వైపులా సమంగా ఉండేలా చెక్కి బకెట్ నీళ్ళలో వెయ్యాలి. బల్లపరుపుగా తేలినప్పుడు పది పాళ్ళ మందంలో ఎన్ని పాళ్ళు మునిగిందో అదే దాని సాంద్రత. ఆరు పాళ్ళు మునిగితే 0.6. వేసిన వెంటనే చూడాలి, నానితే లెక్క తప్పుతుంది. తుమ్మ, సరుగుడు ఎనిమిది పాళ్ళ దాకా మునుగుతాయి, చింత చేవ ఇంకా ఎక్కువ. తాండ్ర ఏడు పాళ్ళ దగ్గర, పొన్న, కానుగ ఆరు పాళ్ళ చుట్టూ. బాదం ఐదుకి కాస్త పైన. గుర్రపు బాదం, జీడిమామిడి ఐదుకి లోపే. ఒకే చెట్టులో కూడా కాండం చేవకీ కొమ్మకీ తేడా ఉంటుంది కాబట్టి రెండు మూడు ముక్కలు చూడాలి.

రెండో లెక్కకి తాడు చాలు. మాను చుట్టుకొలతని మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 12.5తో భాగిస్తే ఘనమీటర్లు వస్తాయి. చుట్టుకొలత 94 సెంటీమీటర్లున్న మీటరు దుంగ సుమారు 70 లీటర్ల కట్టె. అది తుమ్మ అయితే ఎండాక 56 కిలోలు, పొన్న అయితే 42, గుర్రపు బాదం అయితే 32. పాత లెక్కలో 8 వీశెల మణుగు సుమారు 11.3 కిలోలు, 20 మణుగులు ఒక బారువ. అంటే ఆ పొన్న దుంగ మూడున్నర మణుగుల పైన, అలాంటివి ఐదారు ఉంటే బారువ. పేర్చిన కట్టుని కొలిచేటప్పుడు మాత్రం మధ్యలో గాలి చోటు మూడో వంతుకి తక్కువ ఉండదని గుర్తుంచుకోవాలి.

నీటి లెక్క ఇంకా ముఖ్యం. అప్పుడే కొట్టిన కట్టెలో సగం బరువు నీరే ఉండొచ్చు. 10 కిలోల పచ్చి పేళ్ళు కొంటే 5 కిలోల నీళ్ళకి డబ్బు ఇచ్చినట్టే. ఆ నీళ్ళని ఆవిరి చేయడానికి కిలోకి 600 కిలోకేలరీల పైన, మొత్తం 3,000 పైన ఖర్చవుతుంది. మిగిలిన 5 కిలోల కట్టె ఇచ్చేది 23,000 అటూఇటూ. ఏడెనిమిది పాళ్ళలో ఒక పాలు అన్నం ఉడకకముందే పోయింది. అంతకన్నా పెద్ద నష్టం, మంట చల్లబడి కట్టెలోంచి వచ్చే వాయువులు మండకుండానే పొగై పోవడం. ఊదుగొట్టంతో ఊది ఊది కళ్ళు ఎర్రబడ్డ మన అమ్మలు, అమ్మమ్మలు పడ్డ బాధకి కారణం పొయ్యి కాదు, వానాకాలంలో తూకం కోసం పచ్చిగా అమ్మిన కట్టె. ఆ బాధ తలుచుకుంటే ఎండిన కట్టె అనే మాటకి ఎంత విలువో తెలుస్తుంది.

అందుకే జాగ్రత్త తెలిసిన ఇళ్ళలో ఏడాది కట్టె ముందే చేరేది. పుష్య మాఘాల్లో కొట్టి, చీల్చి, ఉగాదికల్లా పేర్చేవారు. అడుగున రెండు వరసల ఇటుకలో, కొబ్బరి మాను ముక్కలో పెట్టి నేలకి జానెడు ఎత్తున లేపాలి, లేకపోతే చెద పడుతుంది. ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం, మధ్యలో వేలు దూరే సందు. పైవరసకి బెరడు పైకి. గోడకి ఆనించి పేరిస్తే ఆ వైపు ఎండదు. గడ్డిమేటు నీడన పెట్టడం ఇంకో పొరపాటు, నిప్పు భయం కూడా. రోహిణి కార్తె ఎండ తిన్నాక, మృగశిర వానలు మొదలవకముందే పాకలోకి చేర్చాలి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఒక్క వాన తడిస్తే నెల వెనక్కి వెళ్ళినట్టే. ఎండిందో లేదో చెప్పడానికి పేడు కొసలు చూడాలి. నడిమి నుంచి అంచుకి పగుళ్ళు విచ్చుకుని, బెరడు తనంతట తాను ఊడివస్తూ, రెండు పేళ్ళు తాకిస్తే టంగుమని మోగాలి. దబ్‌మని మొద్దుగా పలికితే పచ్చి. అనుమానం ఉంటే ఒక పేడుకి గుర్తు పెట్టి వారానికోసారి తూచాలి. వరసగా రెండు వారాలు బరువు తగ్గకపోతే అది ఎండినట్టు. తాండ్ర కట్టెకి తొలుచు పురుగు త్వరగా పడుతుంది. పేర్చినచోట సన్నటి పిండి రాలుతుంటే దాన్ని ముందుగా వాడేయాలి.

వరద దుంగల్లో ఇంకో చిక్కు ఉంది. పగుళ్ళలో ఇసక ఇరుక్కుని గొడ్డలి అంచుని నాలుగు దెబ్బల్లో మొండి చేస్తుంది. గట్టి చీపురుతో, నీళ్ళతో కడిగి ఆరాకే పనిలోకి దిగాలి. టేకు లాంటి విలువైన దుంగ అయితే అది అటవీశాఖది, దాన్ని ముట్టుకోకూడదు. సముద్రంలో నాని ఒడ్డుకి వచ్చిన కట్టె కూడా పొయ్యికి మంచిది కాదు. దానిలోని ఉప్పు గిన్నెల అడుగులు తినేస్తుంది, పొగ కూడా చెడ్డది.

ఎండిన పొన్న పొయ్యిలో నిదానంగా అందుకుంటుంది. అడుగున కొబ్బరాకు, దాని మీద సన్నటి మట్ట చీలికలు, ఆ పైన మూడు పేళ్ళు కొసలు కలిసి, నడుమ గాలి ఆడేలా పెట్టాలి. నాలుగోది తోస్తే మంట ఆరుతుంది. మంట నిలబడ్డాక ఎసరు కాగడానికి సరిపోతుంది. తర్వాత పేళ్ళు వెనక్కి లాగితే మిగిలే నిప్పుల మీద అన్నం ఉమ్మగిల్లుతుంది, మట్టిదాకలో పులుసు సన్నసెగన మరుగుతుంది. పాలు కాగే దాలికి (నిప్పుల గుంటకి) మాత్రం పిడకలే. పూతరేకులకి ఆత్రేయపురంలో కుండ కింద కొబ్బరాకు మంట పెడతారు, అక్కడ కావాల్సింది లేచి వెంటనే తగ్గే మంట. గాడిపొయ్యి మీద పెళ్ళివంటకి తుమ్మ, చింత, సరుగుడు ముందు, పొన్న పంగలు తర్వాత. గుర్రపు బాదం ఎండిందయితే నీళ్ళ కాగు కిందకి చాలు, భగ్గున మండి బూడిదవుతుంది, నిప్పు నిలవదు. పాలు కారే చెట్ల సగం ఎండిన కట్టె మీద వంకాయ, తేగ లాంటివి నేరుగా కాల్చకూడదు, ఆ మసి వాటికే పట్టుకుంటుంది.

పొన్న విషయంలో కట్టె కన్నా కాయకే ఎక్కువ విలువ అని నా అభిప్రాయం. అప్పుడే కొట్టిన పప్పుని నొక్కితే నూనె కనబడదు, అందుకే ఇందులో ఏమీ లేదని పారేసేవాళ్ళున్నారు. పెంకు తీసి ఎండలో నెల రెండు నెలలు పరిస్తే పప్పు ముదురు గోధుమరంగుకి తిరిగి చేతికి జిడ్డుగా అంటుతుంది. అప్పుడు దాని బరువులో సగానికి పైన నూనె. ఆకుపచ్చ తిరిగిన ముదురు రంగు, ఘాటైన వాసన. తినడానికి కాదు, దీపానికి. ఎండేటప్పుడు వాన తగిలితే బూజు పట్టి ఆ గంపంతా పాడవుతుంది, అందుకే ఇది కూడా ఎండాకాలం పనే. మిగిలిన పెంకులు బాగా ఎండితే పొయ్యి అంటించడానికి పనికొస్తాయి.

పడిన చెట్టు కింద ఏరిన కాయల్లో మంచివి ఒక గుప్పెడు నాటడానికి విడిగా ఉంచాలి. పెంకుతో పాతితే మొలకకి దాదాపు రెండు నెలలు పడుతుంది. పప్పుకి గాయం కాకుండా పెంకు జాగ్రత్తగా తీసి నాటితే మూడు వారాలకే వస్తుంది. పెంకు తీసినదాన్ని ఎలుకలు, పీతలు వదలవు, కాబట్టి సంచుల్లో మొలిపించి, జానెడు ఎదిగాక ఇసక కలిసిన చోట, కొబ్బరి వరసలకి దూరంగా పెట్టాలి. మొదటి రెండేళ్ళు పక్కన గడ్డి లేకుండా చూస్తే తర్వాత ఉప్పుగాలిని అది తట్టుకుంటుంది.